అక్క వంతు నైట్లు

మా అక్క పోయింది. పొద్దున తొమ్మిది కూడా కాకముందే చిట్కుల్ నుంచి వాళ్ళాయన ఫోన్ చేశాడు. "మీ అక్క లేస్తలేదు" అన్నాడు. మళ్ళీ, "ఇగ లేవదు" అన్నాడు. నేనప్పుడు పటాన్‌చెరులో నా ఆఫీసులో నిలబడి మా వాళ్ళ మీద అరుస్తున్నాను. కంప్యూటర్‌లో కట్టిన ఒక డబ్బా మూత బొమ్మలో రెండు పొరలు కలిసేచోట వెంట్రుకంత సందు వదిలేశారని నా కోపం. ఫోన్ జేబులో పెట్టుకుని, అరుపు ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మళ్ళీ ఎత్తుకున్నాను. రెండు మాటలు అన్నాక గానీ విన్నది బుర్రకెక్కలేదు. 

సొంత అక్క కాదు. చుట్టరికం ఏమీ లేదు. పాశమైలారం దారిలో ఒక టూల్‌రూమ్‌లో మేమిద్దరం పనిచేశాం. టూల్‌రూమ్ అంటే వస్తువులు తయారయ్యే చోటు కాదు, వస్తువులను పోసే అచ్చులు తయారయ్యే చోటు. మీ స్నానాల గదిలో ఉన్న ప్లాస్టిక్ మగ్గు, కూలర్‌లో తిరిగే రెక్క, పిల్లల టిఫిన్ డబ్బా, వీటన్నిటికీ ముందు ఎవరో ఒకరు ఇనుప దిమ్మెలో ఆ ఆకారానికి గుంత తవ్వి ఉంటారు. ఆ గుంత ఎలా ఉండాలో ముందుగా కంప్యూటర్‌లో కట్టి, ఇనుము కోసే మిల్లింగ్ మెషిన్‌కు అర్థమయ్యేలా చెప్పడం మా పని. మా పారిశ్రామికవాడలో ఆ పని మొదట్లో నేర్చిన కొద్దిమందిలో అక్క ఒకరు. నాకు నేర్పింది ఆమే. నేను ఈ రోజు తింటున్న అన్నం ఆమె నేర్పిన పని పెట్టిందే. పోయిన మనిషి గురించి మర్యాదకు అంటున్న మాట కాదిది.

ఆమె మంచితనం గురించి నాలుగు ముక్కలు రాద్దామనే కూర్చున్నాను. రాస్తున్నకొద్దీ చేతికి ఒకటే విషయం తగులుతోంది, ఆమె కుర్చీ. అందుకని దాని గురించే చెబుతాను. ఇందులో రహస్యమేమీ లేదు. మా ఫ్యాక్టరీలో గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలిసినదే. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు కూడా. అంటే బాగుండేదేమో.

అప్పట్లో, తొంభైల మొదట్లో, మా ఫ్యాక్టరీ మొత్తానికి ఏసీ ఉన్న గది కంప్యూటర్ గది ఒక్కటే. చెప్పులు బయట విడవాలి. మేనేజర్ సాబ్ కూడా బూట్లు విప్పి సాక్సులతోనే వచ్చేవాడు. దసరాకు ఆ కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ మాత్రం గుమ్మం బయట కొట్టేవాళ్ళం, లోపల కొడితే నీళ్ళు చిందుతాయని. గదిలో ఒకటే కంప్యూటర్. దాని ముందు ఒకటే కుర్చీ. ఆ కుర్చీలో అక్క. గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని, కొంగుతో కంప్యూటర్ అద్దం తుడిచి, అప్పుడు మొదలుపెట్టేది. డ్రాయింగ్ బోర్డు మీద పెన్సిల్‌తో పదేళ్ళు గీసిన మనిషి, మద్రాసులో శిక్షణకు ఫ్యాక్టరీ తరఫున ఎవరు వెళ్తారంటే మగవాళ్ళు ఇంగ్లీషుకు భయపడి వెనక్కి తగ్గితే "నేను వోత" అన్నదట.

నేను సంగారెడ్డిలో డిప్లొమా చేసి, డ్రాఫ్టింగ్‌లో క్లాసు ఫస్టన్న పొగరుతో వచ్చాను. మొదటి రోజు ఏదన్నా గియ్యమంటే పన్నెండు గీతలతో ఒక పెట్టె గీసి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఇదేంది తమ్మీ?" అన్నది.

"పెట్టె మేడం."

"పెట్టెనా? పెట్టె పట్టేటంత గుంతనా?"

నేను మళ్ళీ చూశాను. పెట్టెలానే ఉంది. కాసేపు చూస్తే గుంతలానూ ఉంది. ఇంకాసేపటికి మూలలు ముందుకొచ్చి వెనక్కిపోయి నా తల తిరిగింది.

"నువ్వు పెట్టె అనుకున్నవు గనక నీకు పెట్టె కనవడ్డది. దానికేం తెలుసు? తీగలు గట్టినవ్, గంతే. లోపలేదో బయటేదో చెప్పకపోతివి."

ఆ వారమంతా అదే పాఠం. వస్తువును కంప్యూటర్‌లో కట్టడం మూడు తీర్లని చెప్పేది. మొదటిది తీగల బొమ్మ, అంచులు మాత్రమే ఉంటాయి. రెండోది పొరల బొమ్మ, తీగల మీద గుడ్డ కప్పినట్టు పైభాగం ఉంటుంది గానీ లోపల బోలు. మూడోది గట్టి బొమ్మ, దానికి తన లోపలేదో బయటేదో తెలుసు, కోస్తే లోపల సరుకు కనిపిస్తుంది. గట్టి బొమ్మలను ఒకదానితో ఒకటి కలపొచ్చు, ఒకదానిలోంచి ఒకటి తీసెయ్యొచ్చు. గోధుమపిండి ముద్దలో గ్లాసు అదిమి తీస్తే పడే గుంతే అచ్చు అని చెప్పింది. మా కంప్యూటర్‌కు గట్టి బొమ్మలు కట్టేంత ఓపిక లేదు, సగంలో ఆగిపోయేది. అందుకే మా బతుకంతా పొరలతోనే గడిచింది.

పొర ఎలా వంగుతుందో క్యాంటీన్‌లో చూపించింది. వంట మనిషి భుజం మీది తువ్వాల అడిగి తీసుకుని, నలుగురికి నాలుగు మూలలు ఇచ్చింది. నన్ను నా మూల పైకెత్తమంది. ఎత్తాను.

"నడుమ ఎవ్వరన్న ముట్టుకున్నరా?"

"లేదు."

"మరి నడుమ ఎందుకు లేసింది?"

అందరూ నవ్వారు. వంట మనిషి, "మేడం, నా తువ్వాల నాకియ్యుండ్రి, అన్నం మాడుతది" అన్నాడు. ఆ తర్వాత పెద్ద పెద్ద పుస్తకాలలో ఇదే సంగతి లెక్కలతో చదివాను. ఏ లెక్క చదివినా నాకు ఆ మరకల తువ్వాలే కనిపించేది.

వంపు గీత గియ్యాలంటే మధ్య మధ్య బిందువులు పెట్టాలి. నేను ఒళ్ళు దాచుకోకుండా బోలెడు పెట్టేవాణ్ణి. గీత పురుగులా మెలికలు తిరిగేది. ఆమె వచ్చి చడీచప్పుడు లేకుండా ఒక్కొక్కటే తీసేసేది. నాలుగో అయిదో మిగిలేసరికి గీత చక్కగా సాగేది. "గీత మీద నమ్మకం లేనోడే ఇన్ని పాయింట్లు పెడ్తడు" అనేది. ఇంకో మాట కూడా అనేది, గీతకు పక్కన ఉండి, వంపును దూరం నుంచే తమ వైపు లాగే బిందువుల గురించి. "గీత పాయింటు మీదికెల్లి పోదు తమ్మీ. దాని మొఖం జూసి పోతది." పని అయిపోయాక కంప్యూటర్‌లో దాచిపెట్టే ముందు బొమ్మను ఒకసారి బోర్లా తిప్పి కింది వైపు చూసేది. మగ్గు అడుగుభాగం ఎవరు చూస్తారు మేడం అంటే, "గందుకే మనం జూడాలె" అని ఊరుకునేది. ఇప్పుడు మా ఆఫీసులో నేను అదే చేస్తాను. మా వాళ్ళు నా వెనక నవ్వుకుంటారని నాకు తెలుసు.

ఇంతలో కొత్త మిల్లింగ్ మెషిన్ వచ్చింది. కంప్యూటర్ చెప్పినట్టు తనే కోసుకుపోయే రకం. దాన్ని ఒక్క పూట నిలబెట్టినా మేనేజర్ సాబ్‌కు గుండెలో నొప్పి. రాత్రీ పగలూ నడవాలి. అది నడవాలంటే మేమూ ఉండాలి. మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు, వారానికొకసారి మారాలి అన్నారు. ముగ్గురంటే అక్క, నేను, జహీరాబాద్ వైపు నుంచి కొత్తగా చేరిన ఇంకొక అతను. చట్టం ప్రకారం ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో రాత్రిపూట ఉండకూడదు. నైట్ షిఫ్టే కాదు, సాయంత్రం దాటి ఉండే రెండో షిఫ్టు కూడా కుదరదు. ఆమెకు పొద్దుటి షిఫ్టు ఒక్కటే.

మీటింగ్ పెట్టారు. జహీరాబాద్ అతను ముందే అందుకున్నాడు. "మేడం ఆరామ్‌గ పగటిపూట, మేమేమో గుడ్లగూబల తీర్గ రాత్రంత. గిదేం న్యాయం సార్?"

మేనేజర్ సాబ్ తల పట్టుకున్నాడు. "మేడం, మీ మీద నాకేం లేదు. ఆడోళ్ళు రాత్రి ఉండొద్దంటది సర్కార్. రాత్రి గూడ నడవాలంటది మిషన్. నేనెవరి మాట వినాలె? మీకు స్టోర్స్‌ల మంచి పని సూపెడ్త. జీతం ఏం తగ్గది."

 అక్క గాజులు కిందికి జార్చుకుంది. ఆ గదిలోకి ఆ కంప్యూటర్‌ను పెట్టెలోంచి తీసి పెట్టిన రోజు నుంచి ఉన్న మనిషి. నేను లేచి నిలబడ్డాను. ఆమె మీద జాలి ఒక్కటే కాదు, నిజం చెప్పాలంటే ఆమె వెళ్ళిపోతే రేపు నా బొమ్మ విరిగితే అతికించే దిక్కెవరన్న భయం కూడా. నోట్లోంచి మాట వచ్చేసింది.

"నైట్లన్ని నేనే జేస్త సార్. మేడం వంతు, ఈయన వంతు గూడ. మేడంను పొద్దటి షిఫ్టుల ఉండనీయుండ్రి."

జహీరాబాద్ అతను వెంటనే ఒప్పుకున్నాడు. రెండో షిఫ్టంటే అతనికి నిద్ర చెడదు. మేనేజర్ సాబ్‌కు మెషిన్ నడిస్తే చాలు. అందరూ లేచారు. బయటికి రాగానే అక్క నన్ను నిలేసింది. సంతోషపడుతుందనుకున్నానేమో, నా మొహం, మండిపడింది.

"ఎవలు జెప్పమన్నరు నిన్ను? నేనడిగిన్నా?"

"అడగలే."

"మరెందుకు పరేషాన్?"

"నాకేమన్న పెండ్లామా పిల్లలా మేడం. రాత్రి ఇంట్ల ఒక్కన్ని ఏం జేస్త?"

"రేపు పెండ్లయితది గదా."

"అయినప్పుడు సూద్దాం తియ్యి అక్కా."

అక్కా అని అదే మొదటిసారి అనడం. ఇద్దరం గమనించాం. ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలం, ఆ వానాకాలం రాత్రులన్నీ నేనే చేశాను. పొద్దున ఆరింటికి షిఫ్టు బస్సు దిగి అక్క వచ్చేది. చేతిలో నా కోసం డబ్బా. జొన్నరొట్టె, వంకాయ కూర, ఒక్కోరోజు సర్వపిండి. "తిను ముందు. కండ్లు గుంతలు వడ్డయ్" అనేది. నేను గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని తింటుంటే ఆమె లోపల నా రాత్రి పని తిప్పి చూస్తూ అక్కడి నుంచే తిట్టేది. "మల్ల ఇన్ని పాయింట్లు! నిద్రల పెట్టినవా ఏంది?" నేను నోట్లో రొట్టెతో ఏదో ఒకటి బొంకేవాణ్ణి. కంప్యూటర్ పని నేను నిజంగా నేర్చుకున్నది ఆ పొద్దుటి పావుగంటల్లోనే. ఆమె కూడా తన జీవితంలో అంత మంచి పని మళ్ళీ చేయలేదు. కూలర్ రెక్క ఒకటి కట్టింది ఆ రోజుల్లో, మొదలు దగ్గర నిలువుగా ఉండి చివరికొచ్చేసరికి పడుకున్నట్టు మెలిక తిరిగేది. ఎక్కడా అతుకు కనిపించదు. మేనేజర్ సాబ్ బయటి నుంచి వచ్చినవాళ్ళకు దాన్ని చూపించి గొప్పలు పోయేవాడు.

దసరా వెళ్ళాక నాకు పెళ్ళయింది. ఇంద్రేశంలో ఒక గది కిరాయికి తీసుకుని కాపురం పెట్టాం. చుట్టూ అన్నీ ఖాళీ ప్లాట్లు, మధ్యలో మా ఇల్లు. పెళ్ళి సెలవు అయిపోగానే మళ్ళీ నైట్లు. క్యాంటీన్‌లో నా మీద పడ్డారు అందరూ. "కొత్త పెండ్లికొడుకు రాత్రంత కంప్యూటర్‌తోని కాపురం జేస్తుండు, ఇగ పెండ్లామెందుకో!" నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా అంటారు కదా. పక్క బల్ల దగ్గర అక్క ఉంది. చాయ్ సాసర్‌లో పోసుకుని అలాగే పట్టుకుని ఉంది. తాగలేదు.

నా భార్య నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. కొత్తది, ఊరు కొత్త, మనిషి కొత్త. ఒక రోజు మాత్రం, "రాత్రిపూట ఈడ కుక్కలు మస్తు మొరుగుతయ్" అన్నది. ఇంట్లో లైటు తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటుందని ఇంటి ఓనర్లు చెప్పారు.

మర్నాడు పొద్దున మెట్ల మీద రొట్టె తింటూ ఆ మాట అక్కకు చెప్పాను. "మీ మరదలు కంప్లైంట్ ఇన్నవా అక్కా? కుక్కలు మొరుగుతయంట. గదే పెద్ద కష్టం దానికి" అని నవ్వాను.

జోకుగానే చెప్పాను. జోకుగానేనా? ఇన్నేళ్ళుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. "నాతోని ఇగ కాదక్కా" అని చెప్పడానికి అప్పటికి చాలా రోజులుగా మాటలు వెతుక్కుంటున్నాను. స్కూటర్ మీద వస్తూ ఎన్నో రకాలుగా అనుకుని చూశాను. ఏదీ నోరు దాటలేదు. కుక్కల మాట మాత్రం ఎంత సులువుగా దాటింది! అక్క నవ్వలేదు. ఖాళీ డబ్బా నా చేతిలోంచి తీసుకుని, మూత పెట్టి, లోపలికి వెళ్ళింది. ఆ పొద్దున నా పాయింట్ల గురించి తిట్టలేదు.

తర్వాతి సోమవారం నన్ను పొద్దుటి షిఫ్టుకు రమ్మన్నారు. వస్తే షిఫ్టుల కాగితం మారిపోయి ఉంది. అక్కను స్టోర్స్‌కు వేశారు. ఆమె చోట ఇంకొక అబ్బాయిని తీసుకుంటున్నారు. ముగ్గురం వారానికొకసారి మారుతాం. తనే అడిగి వేయించుకుందని మేనేజర్ సాబ్ చెప్పాడు. "బతిమిలాడిన నేను గూడ, వినలే" అన్నాడు.

పరుగెత్తాను స్టోర్స్‌కు. ఆమె అరల మధ్య అచ్చులకు వాడే పిన్నులు సైజుల వారీగా వేరు చేస్తోంది. "ఏందక్కా గిది?" అన్నాను.

"కండ్లు మంట వెడ్తున్నయ్ తమ్మీ. ఆ అద్దం ఇగ నాతోని కాదు. ఈడ మంచిగున్నది."

అబద్ధం. కళ్ళు నా కంటే ఆమెవే బాగుండేవి. నేను గట్టిగా వాదించి ఉండాల్సింది. "అట్లెట్లక్కా, అట్లెట్లక్కా" అని నాలుగుసార్లు అన్నాను. ఆమె, "పో, మెషిన్ ఖాళీగున్నది" అన్నది. వచ్చేశాను. ఆ నడవాలో నడుస్తుంటే నాకు కలిగింది బాధ కాదు. హాయి. భుజాల మీంచి సిమెంటు బస్తా దించినట్టు హాయి. ఆ రాత్రి ఇంట్లో పడుకోవచ్చు, అదే ఉంది మనసులో. నన్ను నేను తిట్టుకోవడం తర్వాత, చాలా తర్వాత మొదలైంది. నేను అడిగి ఉంటే ఆమె కోప్పడేది, కాదనేది, లేదా సరేననేది. ఏదో ఒకటి మా ఇద్దరి మధ్య జరిగి ఉండేది. అడగనివ్వకుండానే ఇచ్చేసింది.

ఆ తర్వాత నాకు పని ఎక్కడైనా చిక్కుపడితే స్టోర్స్‌కు కబురు పంపేవాణ్ణి. వచ్చేది, కానీ గుమ్మం దాటేది కాదు. చెప్పులు విడవకుండా గడప అవతలే నిలబడి, అక్కడి నుంచే అద్దం వైపు చూసి చెప్పేది. మగ్గు పిడి గుర్తుంది. గుండ్రటి మగ్గుకు వంపు పిడి కలిసేచోట నున్నగా రావాలి. నేను ఎన్నిసార్లు అతికినా ఆ మూల దగ్గర పొర చిరిగిపోయేది.

"పిడి దెచ్చి మగ్గుకు అంటువెట్టకు" అన్నది గడప మీంచి. "పిడిని మగ్గు లోపలి దాంక పోనియ్యి. ఇంక లోపలికి. ఇంక. ఆ... ఇప్పుడు కోసెయ్. కోసేటందుకైనా జెర ఎక్కువుండాలె గద తమ్మీ."

కోశాను. నున్నగా వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి, "ఒక్కసారి వచ్చి కూసో అక్కా. నువ్వే తిప్పి సూడు" అన్నాను.

"వద్దు. చెప్పులిడిస్తే మల్ల లోపల్నే ఉండాలనిపిస్తది" అని వెళ్ళిపోయింది.

ఆ మగ్గు బాగా అమ్ముడుపోయింది. డ్రాయింగ్ మీద నా పేరే ఉంది. ఆ పని చూపించే నేను తర్వాత వేరే కంపెనీలో చేరాను, ఆ తర్వాత సొంత ఆఫీసు పెట్టాను. ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడల్లా వెళ్ళి చెప్పేవాణ్ణి. ప్రతిసారీ నోట్లో చక్కెర పోసేది. 

కొన్నేళ్ళకు ఆ టూల్‌రూమ్ మూతపడింది. కంప్యూటర్లు చవకయ్యాయి, నా ఆఫీసులోనే బోలెడు చేరాయి. "నా దగ్గరికి రా అక్కా, పగటి పనే" అని అడిగాను. "నువ్వు నాకు జీతమిచ్చుడేంది, మంచిగుండది" అని నవ్వేసింది. ఒక పాత కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వేసి చిట్కుల్ తీసుకెళ్ళి పెట్టి వచ్చాను. దాన్ని కాదనలేదు. దాని మీద తన బిడ్డకు నేర్పింది, తీగల బొమ్మ నుంచి. బళ్ళో చదివే పిల్ల చేత ఇంట్లో ఉన్న మగ్గులూ మూతలూ అన్నీ కట్టించిందట. ఆ బిడ్డ ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో కార్ల తలుపులు, డాష్‌బోర్డులు కంప్యూటర్‌లో కడుతోంది. పని ఇచ్చేవాళ్ళది వేరే దేశం. వాళ్ళకు పగలైనప్పుడు ఈమెకు రాత్రి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆడపిల్లలు రాత్రి పని చేయవచ్చు, ఇంటి దగ్గరికే బండి పంపిస్తారు.

పెద్దకర్మ అయిన తర్వాత రెండో రోజు సాయంత్రం చిట్కుల్ వెళ్ళాను. అక్క వాళ్ళాయన లోపల పడుకుని ఉన్నాడు. బిడ్డ భుజానికి బ్యాగు తగిలించుకుని వాకిట్లో నిలబడి ఉంది. సెలవులు అయిపోయాయట, ఆ రోజు నుంచే డ్యూటీ.

"నైట్ ఉన్నది మామా. క్యాబ్ వస్తది" అన్నది.  రోడ్డు వైపు చూస్తూ తనే మళ్ళీ అన్నది. "అమ్మ నైట్లు మీరే జేసిండ్రంట గద మామా. మస్తుసార్లు చెప్పేది. మా తమ్ముడు ఉన్నడు గనకనే నేను ఆ కుర్సీల కూసున్న అనేది. నాకు మొదటిసారి నైట్ షిఫ్ట్ పడ్డప్పుడు గూడ మీ సంగతే జెప్పింది."

నేను గడప దగ్గరి చెప్పుల వైపు చూశాను. ఆ పిల్లే మళ్ళీ అడిగింది.

"ఎన్నేండ్లు జేసిండ్రు? టూల్‌రూమ్ బంద్ అయ్యేదాంక అమ్మ కంప్యూటర్ మీదనే ఉండె గద?"

అక్క బిడ్డకు అలా చెప్పుకుందన్నమాట. అప్పటికి ఈ పిల్ల పాలు తాగే వయసు, ఏం గుర్తుంటుంది. అవునని అంటే అక్క మాట నిలబడుతుంది, నాకు నేను చేయని పుణ్యం వచ్చి చేరుతుంది. కాదంటే, పోయిన మనిషి బిడ్డ దగ్గర దాచుకున్న ఒక్క ముచ్చటనూ నేనే తీసేసినవాణ్ణవుతాను. రెండింట్లో ఏది తక్కువ పాపమో తేల్చుకునే తెలివి నాకు లేకపోయింది. ఆమె దగ్గర ఇప్పటికే చాలా తీసుకున్నాను, ఇంకా తీసుకోవడం నా వల్ల కాలేదు.

"ఏండ్లు గాదు బిడ్డా" అన్నాను. "ఒక ఎండకాలం, ఒక వానకాలం. గంతే."

"గంతేనా? మరి తర్వాత?"

"తర్వాత నాకు పెండ్లయింది."

ఆమె నా వైపు తిరిగింది. వాళ్ళమ్మ నా బొమ్మలో తప్పు ఎక్కడుందో పట్టుకునే ముందు ఇలాగే చూసేది. రోడ్డు మలుపులో క్యాబ్ కనిపించింది. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"మరి అమ్మ ఏడ కూసున్నది మామా?"

"కూసోలే బిడ్డా. స్టోర్స్‌ల కుర్సీ లేకుండె."

క్యాబ్ వచ్చి వాకిలి ముందు ఆగింది. డ్రైవర్ పేరు అడిగి టిక్కు పెట్టుకున్నాడు. ఆ పిల్ల "పోయొస్త మామా" అని కూడా అనకుండా ఎక్కింది. లోపల దీపం వేసే ఉంది. వెనక సీటంతా ఖాళీ. ఇస్నాపూర్ వైపు బండి తిరిగి కనుమరుగయ్యే వరకూ చూశాను. ఆ పిల్ల వెనక్కి ఆనుకోలేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని సీటు అంచు మీద, లేవడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా కూర్చుని వెళ్ళిపోయింది.